1/70 తల్లికి ఒక దండం

రాముడికి నగలు చేయించి, ఆ లెక్కల కోసం గోల్కొండ చెరలో కూర్చుని, ఆ రాముణ్ణే నిలదీసిన రామదాసు ఊరు మాది. దండం పెడుతూనే నాలుగు మాటలనడం భద్రాచలంలో తప్పు కాదు. ఈసారి దండం రాముడికి కాదు, 1/70 చట్టమా, నీకు.

1959లో పుట్టావు, 1970లో పదును పెట్టుకున్నావు. ఏజెన్సీ భూమి గిరిజనుడి చేయి దాటకూడదన్నావు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదన్నావు. వాళ్ళ చేతిలో చెక్క భూమి కనబడితే అది మొదట గిరిజనుడిదేనని అనుకోవాలి, కాదని చూపించుకునే బాధ్యత వాళ్ళదేనన్నావు. 1988లో సుప్రీంకోర్టు కూడా నీ మాటే నిలబెట్టింది. ఎంత పట్టుదల తల్లీ!

నీ చల్లని నీడలో పైకొచ్చినవాళ్ళను చూస్తే కళ్ళు చెమరుస్తాయి. ఎక్కణ్ణుంచో చేతిసంచితో వచ్చి, ఉప్పూ కిరసనాయిలూ అరువిచ్చినాయన పేర ఈనాటికీ గుంట భూమి లేదు. ఎంత నిరాడంబరుడు! ఉన్నవల్లా సాదా బైనామాలు, నోటిమాట కౌళ్ళు, ఎవరో కోయ ఆడపడుచు పేర ఓ పట్టా. నువ్వు గీసిన గీత ఆయన ఒక్కసారీ దాటలేదు, గీత కిందుగా దూరి వెళ్ళాడంతే. పట్టా లేనాయన మేడ కట్టాడు, పట్టా ఉన్నవాడు దానికి ఇసుక మోశాడు. మనవడు ఇంజనీరు. మూడు తరాల్లో ఇంత ఎదుగుదల ఏ పట్నం చూపించగలదు?

కోయలకూ కొండరెడ్లకూ ఏం తక్కువ? పుట్టుకతోనే దొరలు. కోయదొర అంటాం, కొండరెడ్డి అంటాం. పేరులోనే అంత ఎత్తున ఉన్నవాళ్ళకు ఇంక ఎక్కడానికి మెట్లెందుకు? అయినా 2000లో జీవో 3 ఒక మెట్టు వేసింది: ఏజెన్సీ బడుల్లో పంతులు కొలువులన్నీ స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వేళ, నూటికి నూరు తగదని సుప్రీంకోర్టు ఆ మెట్టు తీసేసింది. గిరిజనుల్లోనే బాగుపడ్డవాళ్ళు ఫలాన్ని కిందికి పోనివ్వడం లేదని బాధ కూడా పడింది. ఆ బాగుపడ్డ మహానుభావులెవరా అని నేనూ వెతికాను. నెలజీతం మీద బతికే బడిపంతులు దొరికాడు. పాపం, సొంత మోటారుసైకిలు కూడా ఉంది.

ఇక దిగడం చూడాలంటే గుత్తికోయల్ని చూడాలి. 2005లో మొదలైన సల్వాజుడుం గొడవలకు ఛత్తీస్‌గఢ్ నుంచి అడవి దాటి వచ్చారు. అటు ఎస్టీలు, ఇటు ఆ సర్టిఫికెట్ లేదు. ఒక వాగు దాటితే ఇన్ని మెట్లు! 2014లో మా పక్క మండలాల వాళ్ళు మరీ అదృష్టవంతులు. పోలవరం పుణ్యమా అని గడప దాటకుండానే రాష్ట్రం మారారు.

మొన్న మిరపకోతలప్పుడు ఓ చేను గట్టున ఆగాను. ఒక ముసలాయన కాయలు కోస్తున్నాడు.

"చేను ఎవరిది దొరా?"

"మాదే బాబూ, పట్టా నా పేరే."

"మరి పంట?"

"ఆయనది."

"నీకు?"

"కూలి. పోయిన వారానిదే ఇంకా రాలేదు."