కుందేటికి ఎన్ని కాళ్లు?

ఎపిజెనెటిక్స్ ల్యాబులో పాలపొడి డబ్బా కనిపిస్తే టీ కోసమనుకోకండి. ప్రొటీన్లను గుర్తుపట్టే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో పొరకి యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా ముందుగా పట్టించే పాలవి. పరిశోధక విద్యార్థిని మాత్రం క్యాంటీన్ టీతోనే సరిపెట్టుకోవాలి.

ఇంత మర్యాద అందుకునే ఆ యాంటీబాడీ చాలాసార్లు ఓ కుందేలు చలవే. హిస్టోన్ అనే ప్రొటీన్ ముక్కకి కావలసిన మార్పు తగిలించి కుందేలుకి ఎక్కిస్తారు. దాని ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను బోలెడు డబ్బు పోసి కొని, జన్యువుల గుట్టు చెప్పమంటారు.

మనిషి కణంలో దాదాపు 2 మీటర్ల డీఎన్ఏ హిస్టోన్లకు చుట్టుకుని ఉంటుంది. హెచ్3 అనే హిస్టోన్ తోకలో 4వ లైసిన్ మీద మూడు మిథైళ్లుంటే అక్కడి జన్యువు సాధారణంగా పనిలో ఉన్నట్టు. 9 మీదో, 27 మీదో ఉంటే ముసుగుతన్నినట్టు. చిక్కంతా ఈ రెండింటితోనే. రెండుచోట్లా ఇరుగుపొరుగు ఒకటే: అలనిన్, ఆర్జినిన్, లైసిన్, సెరిన్. కుందేలేమో మొదటినుంచీ లెక్కపెట్టుకుంటూ రాదు! పైగా రెండూ ఒకే ప్రొటీన్ మీదివి కనుక, తప్పుదాన్ని పట్టినా బ్లాట్ మీద బ్యాండు సరైన చోటే, ముచ్చటగా, నల్లగా పడుతుంది. విద్యార్థిని ఫొటో తీసి గైడుకి పంపేస్తుంది.

2011లో కొందరు శాస్త్రవేత్తలు ఇలాంటి యాంటీబాడీలు 246 తెచ్చి పరీక్ష పెట్టారు. నాలుగోవంతుకి పైగా తప్పాయి. నెగ్గినవాటిలోనూ 20 శాతానికి పైగా ఆ మార్పున్న చోటి డీఎన్ఏని ఏరి తీసే క్రోమాటిన్ ఇమ్యునోప్రెసిపిటేషన్ దగ్గర చేతులెత్తేశాయి.

అసలు తమాషా ఓ నాలుగింటిది. అవి నూటికి నూరుపాళ్లూ ఒక్కదాన్నే పట్టుకున్నాయి. కాకపోతే లేబులు మీదున్నదాన్ని కాదు, ఇంకోదాన్ని! పెళ్లిలో ఓ పెద్దాయన మన చెయ్యి పట్టుకుని, "నువ్వు మా వెంకట్రావు రెండోవాడివి కదరా" అని, కాదు బాబాయ్ అన్నా వినడు చూడండి, అదే ధీమా. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనడం విన్నాం. ఇక్కడ కుందేలే ఆ మాట అంటోంది.

పక్కవాళ్ల అల్లరి వేరే. కణవిభజన వేళ 10వ సెరిన్ మీద ఫాస్ఫేటు వచ్చి కూర్చుంటే, 9 మీది మిథైళ్లు కొన్ని యాంటీబాడీలకు కనబడవు. ఉన్నదాన్ని మాయమైందని రాసేసుకునే ప్రమాదం అక్కడుంది.

మందు లేకపోలేదు. రకరకాల మార్పులున్న పెప్టైడ్ ముక్కల్ని పొర మీద చుక్కలుగా పెట్టి, యాంటీబాడీ దేన్ని పట్టుకుంటుందో ముందే చూసుకోవచ్చు. అయితే కుందేలు రక్తంలోంచి నేరుగా తీసే పాలీక్లోనల్ యాంటీబాడీకి ఆ కుందేలుతోనే ఆయుష్షు. ఇంకో కుందేలు వచ్చిందంటే కథ మళ్లీ మొదలు. అందుకే అనుభవమున్న గైడు గ్రాఫు వైపు చూడకుండానే అడుగుతాడు: "లాట్ నంబరు ఎంతమ్మా?"

ఆ నంబరున్న లేబులు ఫ్రీజర్ మంచుకి ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది.