గుడారములో సూర్యుడు

కోలారు సీమలో దేనికి కొఱత యున్నను ఎండకు మాత్రము లేదు. జీవనది యొక్కటియు లేని ఈ జిల్లాలో, వేయి అడుగులు దాటి బోరు దింపినను తడి తగులక రైతు ఆకాశము వంక చూచినప్పుడు, అక్కడనుండి ఉదారముగా లభించునది అదొక్కటే. అట్టి ఎండకు తలుపు మూసి, కిటికీకి తెర కట్టి, గదిలో నల్లని గుడారము నిలిపి, అందులో విద్యుత్తుతో వేఱొక సూర్యుని వెలిగించి మొక్కలు పెంచు విద్య యొకటి బయలుదేఱినదని రాబర్ట్‌సన్‌పేటలో మొట్టమొదట ఎఱిగినవాడను నేనే కావచ్చును. ఏలయన ఆ గుడారము వెలసినది మా యింటి నడిమిగదిలోనే.

బీరువా యంత యెత్తు. వెలుపల కారునలుపు, లోపల వెండిపూత. పైన ఎల్‌ఈడీ దీపము, మూల నొక పంకా, కప్పు కడ వాసనను పీల్చు బొగ్గుగొట్టము. బెంగళూరులో ఉద్యోగము చేయుచు మారికుప్పము రైలులో రాకపోకలు సాగించు మా మేనల్లుడు ఈ సంభారమునంతయు ఆన్‌లైనులో తెప్పించి, బిగించి, చేతులు దులుపుకొనెను.

"ఇందులో ఏం పెడతావురా?"

"టమాటా, మామా."

నాకు కొంతసేపు నోట మాట రాలేదు. కోలారు టమాటా మండీ దేశవిఖ్యాతము. ధర పడిపోయిన యేట మా రైతులు పండ్లను బండ్లకొలది బాటప్రక్కన పారబోసిపోవుదురు. 2023 జూలైలో 15 కిలోల పెట్టె 2,000 రూపాయలు దాటినప్పుడో, రాత్రులు కఱ్ఱలు పట్టి తోటలు కాచిరి. పారబోసినను, కాపు కాచినను అంతయు ఆరుబయటనే గాని, టమాటాను బొట్టు పెట్టి పడకటింటికి పిలిచినవారు లేరు.

ఆ గుడారమునకు లోకమున వేఱొక కీర్తియు కలదు. శివమొగ్గలో కొందఱు వైద్యవిద్యార్థులు అద్దెయింట నిట్టి యేర్పాట్లతోనే గంజాయి పెంచి పట్టుబడిరని 2023లో పత్రికలు వ్రాసినవి. హిమాలయపు బాటల ప్రక్కన పిలువని పేరంటముగా మొలచు మొక్క అది. నాటువారు లేరు, నీరు పోయువారు లేరు. దానికే యిప్పుడు చల్లని గాలి, కొలిచిన వెలుగు, వేళకు చీకటి, రాజభోగములు! కారణము సుబోధము. 1985 నాటి చట్టము ప్రకారము ఆ మొక్కను పెంచినవానికి 10 ఏండ్ల వఱకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వఱకు జుల్మానా. పొలములో పెరిగినదా, పడకగదిలో పెరిగినదా యని చట్టము అడుగదు. సూర్యుడు కర్మసాక్షి గదా, కావున ఆ సేద్యమున మొట్టమొదట సాక్షినే బహిష్కరింపవలసి వచ్చినది. నిరపరాధి యగు టమాటాకు ఈ అజ్ఞాతవాస మేల?

వీథివారికి మాత్రము ఈ ప్రశ్న పుట్టలేదు. కిటికీ సందులనుండి అర్ధరాత్రము ఊదావెలుగు, పంకా హోరు, "ఏమక్కా, మీ అబ్బాయి ఆకులు బాగా కాస్తా ఉండాయా?" యని మా యావిడను కుళాయి కడ పలుకరింపు.

విచారణకు వచ్చినవాడు ప్రక్కయింటి పెద్దాయన. ఛాంపియన్ రీఫ్ బంగారు గనిలో దిగి, 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడగా పైకి వచ్చిన మనిషి. ఆయన గుడారపు జిప్పు లాగి, తల లోపలికి దూర్చి, మొక్క యేదని యడుగనైన నడుగక, పంకాను చూచి పెదవి విఱిచెను.

"కొత్త గాలి కిందనించి రావల్ల, వేడిగాలి పైనించి పోవల్ల. తలకిందులుగా పెట్టినావే! పదివేల అడుగుల కింద రాయి ముట్టుకుంటే చెయ్యి కాలేది. ఆడికే గాలి దించినాము మేము."

మేనల్లుడు కిక్కురుమనలేదు. న్యాయముగా చూడగా చీకటిలో దీపము పెట్టి, గాలి నంపి, వేడిని తోడి, ధనము తీయు విద్యలో మా యూరికి మించిన గురువు లేదు. 1902లో శివనసముద్రమున కావేరి పుట్టించిన విద్యుత్తు 92 మైళ్ళు తీగలపై నడచి వచ్చినది ఈ గనులకే. బెంగళూరు వీథిదీపములు 1905 వఱకు కనిపెట్టుకొని యుండవలసి వచ్చెను.

నాటినుండి గుడారము పెద్దాయన యేలుబడిలోనికి పోయినది. షిఫ్టు వేళలకు వచ్చి వేడిమి చూచి రిజిస్టరులో వ్రాయును. టమాటాపూవు తన పుప్పొడితోనే ఫలింపగలదు గాని, దానిని గాలియో తుమ్మెదయో కుదుపవలయును. ఈగ చొరని ఆ కోటలో ఆ యుద్యోగము గూడ ఆయనదే. గనిలో డ్రిల్లు పట్టిన వ్రేలితో పూపూవును మెల్లగా మీటుచుండ, మా యావిడ పమిట అడ్డము పెట్టుకొని నవ్వును.

కరెంటు బిల్లు సంగతి వ్రాయను. కాయలు మాత్రము కాచినవి. ఒక సోమవారమునాడు మేనల్లుడు రైలుకు తొందరపడుచు బయలుదేఱగా, పెద్దాయన గేటు కడ చేయి అడ్డము పెట్టెను. షిఫ్టు దిగిన కూలివానిని బంగారము కొఱకు సోదా చేయనిదే విడువని రోజులు చూచినవాడు.

"టిఫిను డబ్బా తియ్యి."

అందులో మూడు పండ్లున్నవి. పెద్దాయన రిజిస్టరు తెఱచి, కన్నద్దములు సరిజేసికొనెను.

"పుస్తకంలో ఐదుండాయి. మిగతా రెండు యాడికి పాయ?"