పాముకు పారితోషికం ఎంత?

అయ్యా, టీవీ ఛానెళ్ల యాజమాన్యం వారూ,

అడవి ప్రోగ్రాం అనగానే మీరు ఆఫ్రికా ఫుటేజీ కొని తెచ్చి డబ్బింగు చెప్పిస్తారు. అంత ఖర్చెందుకండీ? తెనాలిలో రైలు దిగండి. ఒక లైను బాపట్ల మీదుగా మద్రాసు పోతుంది, ఇంకోటి రేపల్లె దాకా పోయి ఆగిపోతుంది. వరిచేలు, మడ అడవులు, సముద్రం అన్నీ దగ్గర్లోనే. ఐడియా నాది, ఉచితం.

మొదటి ఎపిసోడు రేపల్లె పొలాల్లో తీద్దాం. హీరో నాగుపాము. చిక్కల్లా ఏమిటంటే, మనిషి అడుగు పడితే చాలు, అది గట్టు దిగి తన దారిన తాను పోతుంది. గడ్డి కదలడం తప్ప మీకు సీను దొరకదు. కాబట్టి యాంకరు తోక పట్టుకుని లాగాలి. జారిపోబోతే మళ్లీ లాగాలి. మూడోసారికో నాలుగోసారికో విసిగిపోయి పడగ విప్పుతుంది. అసలు షాటు అది. అంతకు ముందు అది పారిపోవాలని చూసిన ముక్కలన్నీ ఎడిటింగులో లేపేయండి. వెనక నుంచి గొంతు: "పగతో బుసలు కొడుతున్న కాలనాగు! తర్వాత ఏం జరిగిందో చూస్తే షాకవుతారు!" అక్కడ బ్రేకు. సిమెంటు, పట్టుచీరలు, మోకాళ్ల నొప్పుల నూనె. బ్రేకయ్యాక అదే పడగ స్లో మోషన్లో, చుట్టూ ఎర్ర గీత, పైన బాణం గుర్తు. బాణం లేకపోతే పాము ఎక్కడుందో మాకు తెలియదు కదా.

గట్టు మీద నిలబడ్డ రైతు "ఎందుకయ్యా దాని జోలికి పోతారు, ఎలకల్ని తిని పోద్ది" అంటాడు. ఆ ఆడియో మ్యూట్ చేయండి.

కట్లపామును మాత్రం ఆడిషన్లోనే పంపించేయండి. అది పడగ విప్పదు. రాత్రిపూట నేల మీద పడుకున్నవాణ్ణి కరిచి పోతుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. అలాంటిదానికి రేటింగ్ ఏం వస్తుంది?

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పాములవాడి బుట్ట క్రమంగా మూతపడింది. మంచిదే. కోరలు పీకి, కొన్నిచోట్ల నోళ్లు కూడా కుట్టి ఆడించేవారు. పాముకు బయటికి చెవుల్లేవు, నాగస్వరం ఊగుతుంటే ఆ ఊపును చూస్తూ అదీ ఊగేది. ఇప్పుడు నాగస్వరం పోయి ఛానెల్ గొట్టం వచ్చింది. పాము ఈ తేడా గమనించినట్టు లేదు.

రెండో ఎపిసోడుకు బాపట్ల దగ్గరి సూర్యలంక. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి, ఇసకలో గుంట తవ్వి గుడ్లు పెడతాయి. మీరు ఫ్లడ్ లైట్ వేయండి. ఉప్పు బయటికి పోవడానికి దాని కళ్ల దగ్గర కారే నీటిని క్లోజప్‌లో పట్టి, "తల్లి కన్నీరు" అని వీణ వాయించండి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురున్న వైపు పాకుతాయి కనుక సముద్రం వదిలేసి మీ జనరేటర్ వ్యాను దగ్గరికి వస్తాయి. అది మూడో ఎపిసోడు: "దారి తప్పిన పసికూనలు".

తెనాలిలో షూటింగు అక్కర్లేదు, అక్కడ పాఠం నేర్చుకోవాలి. రాయలవారు తలా ఒక పిల్లిని, పాలకు ఆవును ఇచ్చి పెంచమన్న కథ మీకూ తెలుసు. రామకృష్ణుడు మొదటిరోజే కాగేపాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె కనిపిస్తే చాలు పరుగో పరుగు. కాల్చడం ఇంట్లో, ప్రదర్శన సభలో. సభ నవ్వింది, మనం తరతరాలుగా పిల్లలకు చెప్పి నవ్విస్తున్నాం. పిల్లి మూతికి వెన్న రాశారా లేదా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

ఈ విద్య సముద్రాలు దాటింది. 1958లో డిస్నీ వారు 'వైట్ వైల్డర్‌నెస్' తీశారు. లెమ్మింగులనే ఎలకజాతి ప్రాణులు మూకుమ్మడిగా నీళ్లలో దూకి చస్తాయని అందులో చూపించారు. నిజానికి వాటిని వేరేచోట కొని, అవి ఉండని ఆల్బెర్టాకు తెచ్చి, తిరిగే బల్ల మీద పరుగెత్తించి, గట్టు మీంచి నెట్టారు. కెనడా టీవీ 1982లో గుట్టు విప్పింది. ఈలోగా సినిమాకు ఆస్కార్ రానే వచ్చింది. పాపం రామకృష్ణుడికి ఆ రోజుల్లో ఆ కేటగిరీ లేదు.

టీవీలో మొసళ్లను చూపించిన స్టీవ్ ఇర్విన్‌ను మాత్రం ఈ జాబితాలో ఊరికే పడేయలేం. వాటిని మీదికి ఉసిగొల్పినా, వాటి కోసం నేల కొని కాపాడినవాడు కూడా ఆయనే. 2006 సెప్టెంబరు 4న ఆస్ట్రేలియా తీరంలో షూటింగులో ఉండగా టేకు చేప ముల్లు గుండెల్లో దిగి పోయాడు. తర్వాత కొద్దిరోజుల్లోనే అక్కడి బీచిల్లో టేకు చేపల శవాలు తేలాయి, కొన్నింటికి తోకలు కోసేసి. ఇది అభిమానుల పనేనని అప్పట్లో అనుకున్నారు. పాము పగ, తోక చుట్టరికం అంటాం మనం. ఇక్కడ తోక చేపది, పగ ప్రేక్షకులది.

మన దగ్గరి ప్రేక్షకులూ తక్కువవాళ్లేం కాదు. 2023 జనవరిలో కందుకూరులో ఒక యువకుడు నాగుపామును మెడలో వేసుకుని ఫోటోకు నిలబడి, కాటుకు ప్రాణం పోగొట్టుకున్నాడు. మీ యాంకరు పక్కన పాములు పట్టేవాడు, అవతల అంబులెన్సు ఉంటాయి. ఇంట్లో కూర్చుని చూసి నేర్చుకునేవాడి పక్కన ఫోన్ పట్టుకున్న స్నేహితుడు ఉంటాడు.

2000 నుంచి 2019 దాకా లెక్కేసిన ఒక అధ్యయనం ప్రకారం దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో పోతున్నారు, ఎక్కువగా పల్లెల్లో. రేపల్లె నుంచి పెనుమూడి వంతెన దాటితే దివిసీమ. 2018లో అక్కడ కాట్లు ఎక్కువై జనం ఆసుపత్రికి వరసకడితే, ఆగస్టులో ప్రభుత్వమే మోపిదేవి గుళ్లో సర్పశాంతి యాగం తలపెట్టింది. నాట్లేసే కూలీకి గమ్‌బూట్లు, పక్కూరి ఆసుపత్రిలో విరుగుడు మందు. వీటి మీద ఎపిసోడు తీయమని నేను అడగను. అందులో బుస లేదు.

ఇక బడ్జెట్. డ్రోను, యాంకరు మేకప్, వ్యాను డీజిలు మీ ఇష్టం. పాముకు పారితోషికం సున్నా. వన్యప్రాణిని తరమడం, ఎర వేయడం కూడా చట్టం లెక్కలో వేటే కాబట్టి అటవీ శాఖవాళ్లు అడిగితే "అవగాహన కార్యక్రమం" అనండి. పాముకు, ముంగిసకు పోట్లాట పెట్టే స్పెషల్ ఎపిసోడు ఉంటే, వినోదం కోసం జంతువుల్ని ఉసిగొల్పినందుకు జంతుహింస నిరోధక చట్టం, 1960 కింద మొదటి తప్పుకు జరిమానా పది రూపాయలకు తగ్గకూడదు, యాభై దాటకూడదు. పెద్ద ఛానెల్ కాబట్టి యాభయ్యే రాసుకోండి. రసీదు మాత్రం జాగ్రత్త, మీ అకౌంట్స్ వాళ్లు అడుగుతారు.