బాటిల్ చూడండి, చెయ్యి చూడకండి

పెద్ద హనుమాన్ జయంతి వైశాఖ బహుళ దశమికి వస్తుంది. మాల వేసుకున్నవాళ్లు ఆ ఎండలో నడిచి కొండగట్టు చేరేసరికి కొందరికి కళ్లు తిరుగుతాయి. హనుమంతుడు మోసుకెళ్తున్న సంజీవని కొండలో ముక్క జారిపడి ఈ గట్టయిందని మనవైపు చెప్పుకుంటారు. ఇలాంటి చోటివాళ్లం, సెలైన్ బాటిల్‌ను నమ్మకుండా ఎట్లుంటాం? తోడు కూర్చునేవాళ్ల కోసం, నా అనుభవంలోంచి కొన్ని చిట్కాలు.

నోటితో తాగగలిగినా ఓఆర్ఎస్ వద్దనండి. గ్లూకోజే ఎక్కించమనండి. అయిదు శాతం గ్లూకోజు అరలీటరు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెరే, అయినా పైన వేలాడుతుంటే ఆ గౌరవమే వేరు.

సూది మోచేతి మడతలోనే పెట్టమనండి. తర్వాత అదే చేత్తో అన్నం తినమనండి. స్పిరిట్ ఆరేదాకా సిస్టర్ ఆగితే తొందరపెట్టండి.

ఇక అసలు పని. చేతి మీద దుప్పటి కప్పి, బాటిల్ వైపే చూస్తూ కూర్చోండి. బొట్లు నెమ్మదిస్తే చక్రం మీరే తిప్పండి. దుప్పటి కింద చెయ్యి ఉబ్బి, చల్లబడి, చర్మం తెల్లగా బిగిసిందంటే నీళ్లు నరంలోకి కాక పక్కకు పోతున్నాయన్నమాట. పోనివ్వండి, ఎటు పోయినా మన ఒంట్లోకే కదా! ఎక్కేది కాల్షియమో, బీపీ పెంచే మందో అయితే అది కారిన చోట చర్మం చచ్చిపోవచ్చు. ఏ మందు కారిందో చూసి వేడి కాపడమా, చల్లదా అని సిస్టర్ ఆలోచిస్తుంది. మీకంత ఓపికెందుకు, నీళ్లు కాచి పెట్టేయండి.

నరం వెంట ఎర్రబడి, కాలుతూ, తాడులా గట్టిపడితే అది నరం వాపు. జిందా తిలిస్మాత్ వేసి బాగా రుద్దండి. లోపల రక్తం గడ్డ ఉంటే కదులుతుంది, కదలికే కదా ఆరోగ్యం.

గట్టు మీద వీఐపీ దర్శనానికి సిఫారసు కావాలి. ఆసుపత్రిలో మాత్రం సూది ఉన్న ప్రతివాడికీ వీఐపీ మార్కులే: సూది చోటును కంటితో చూసి సున్నా నుంచి అయిదు దాకా వేస్తారు. రెండొస్తే చాలు, క్యాన్‌లా తీసి వేరే చోట పెడతారు. రెండు మార్కులకు మన ఇండ్లల్ల ఎవరైనా సంతోషిస్తరా? చీము, జ్వరం వచ్చి అయిదుకు అయిదూ పడేదాకా పట్టువదలకండి.

ఇదంతా జ్వరంతో ఆసుపత్రిలో చేరిన మా చిన్నాయన మీద చేసి చూసిందే. రెండోరోజు పొద్దున సిస్టర్ వచ్చి, "పెద్దాయనా, చెయ్యి చూపియ్యి" అంది. "బాటిల్ మంచిగనే పోతుందమ్మా, పండుకోనియ్యి" అన్నాను నేను. ఆమె దుప్పటి తీసింది. వెంటనే చక్రం కట్టేసి, క్యాన్‌లా పీకి, చెయ్యి దిండు మీద ఎత్తి పెట్టి, డాక్టర్‌ను పిలిచింది. అందులో ఒక్క పనీ నా చిట్కాల్లో లేదు.

జ్వరం ఆ సాయంత్రానికే తగ్గింది. చెయ్యి కోసం ఇంకో తొమ్మిది రోజులు ఉన్నాం.