ఇల్లు చూసినాక పిల్చకపోతా: సటీక తాత్పర్యం

అవతారిక

కొత్త ఉద్యోగం కోసం చిన్నబిడ్డల సంసారాన్ని ఊరు దాటించడం కార్వేటినగరం వైపు పాత సంగతే. మామిడి తోటలున్నాయి, చెరుకుంది, వేణుగోపాలస్వామి గుడీ స్కంద పుష్కరిణీ ఉన్నాయి. నెలజీతాలే ఇంటింటికీ సరిపడా లేవు. నెలజీతం కావాలన్నవాడు పుత్తూరు చేరి దారి వెతుక్కోవాలి. వడమాలపేట మీదుగా ఒక దారి తిరుపతికి పోతుంది. నగరి, తిరుత్తణి దాటితే చెన్నై. నారాయణవనం, నాగలాపురం మీదుగా సత్యవేడు పోతే ఆ పక్కనే 2008లో మొదలైన శ్రీసిటీ. జిల్లాలు విడగొట్టిన 2022 ఏప్రిల్ 4 నుంచి కార్వేటినగరం చిత్తూరు జిల్లాలోనూ, పుత్తూరు తిరుపతి జిల్లాలోనూ ఉన్నాయి. కాబట్టి రైలెక్కడానికి పోయినవాడు అప్పటికే ఒక జిల్లా దాటినట్టు లెక్క.

అలా పోయేవాడు పోయే ముందు ఇంట్లో ఒక మాట అంటాడు. ఇంటింటికీ పదాలు కొంచెం మారినా పాఠం స్థిరంగానే ఉంది. కర్త అజ్ఞాతుడు. ఛందస్సు లేదు. సందర్భం: ఆర్డరు చేతికొచ్చిన రాత్రి, అన్నాలయ్యాక. చెప్పేది భర్త, వినేది భార్య. చంటిబిడ్డ అప్పటికి నిద్రపోయి ఉండాలి, లేకుంటే మూలం మధ్యలోనే ఖండితమవుతుంది.

మూలం

"నేను ముందు పోయి డ్యూటీలో చేరతా. ఇల్లు చూసినాక మిమ్మల్ని పిల్చకపోతా. అందాకా కొంచెం సర్దుకో."

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మెదకు సీమ మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాటిచ్చాడు. ఈ మూలం దగ్గర ఆ నియమం నిలవదు. ఇందులో ఉన్నదాని కంటే విడిచిపెట్టిందే ఎక్కువ.

ప్రతిపదార్థం

నేను = ఉద్యోగం వచ్చినవాడను; ముందు = మీకంటే ముందుగా, అనగా ఒక్క బ్యాగుతో; పోయి = బస్సెక్కి; డ్యూటీలో చేరతా = కంపెనీ చెప్పిన తేదీకి సంతకం పెడతాను; ఇల్లు = అద్దెకు దొరికేది, నీళ్లొచ్చేది; చూసినాక = చూసి, బేరమాడి, అడ్వాన్సు కట్టిన తరువాత; మిమ్మల్ని = నిన్ను, బిడ్డలను, సామానును; పిల్చకపోతా = పిలుచుకొని పోతాను; అందాకా = తేదీ అడగవద్దని భావం; కొంచెం = మిక్కిలి; సర్దుకో = దీనికి అర్థాలు రెండు, ముందు చెప్పబడును.

విశేషాలు

"చేరతా". చేరే తేదీ వేసే కంపెనీకి పంచాంగంతో పనిలేదు. కార్వేటినగరం వాళ్లకేమో రెండు పంచాంగాల బాధ. చాంద్రమానం వాళ్లకు ఆషాఢం ఉంది, సరిహద్దు చుట్టరికాల వల్ల తమిళుల ఆడి నెల కూడా పట్టింపే. ఆడి జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా ఉంటుంది. రెండూ పాటించే ఇంట్లో ఒకటి ముగిసేసరికి రెండోది అందుకుంటుంది. బడులు మాత్రం జూన్‌లోనే తెరుస్తారు. దీనికి పెద్దవాళ్లు కనిపెట్టిన పరిహారం ఒకటుంది: జూన్ మొదట్లో మంచిరోజు చూసి కొత్తింట్లో పాలు పొంగించి, పటం పెట్టి, తాళమేసి వచ్చేయడం. అప్పటి నుంచి అద్దె మాత్రం నడుస్తుంది. దేవుడు కాపురముంటున్నాడని సర్దిచెప్పుకోవాలి.

"ఇల్లు". ఈ పదం మీదనే మూలం భారమంతా ఉంది. చెన్నైలో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం పాత వాడుక. తమిళనాడు 2017లో చేసి 2019 ఫిబ్రవరిలో అమల్లోకి తెచ్చిన అద్దె చట్టం మూడు నెలల అద్దె చాలంది, వేరే ఒప్పందం లేనట్లయితే. ఇంటి ఓనరు ఆ చివరి మాట మాత్రమే చదువుకున్నవాడై ఉంటాడు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా చట్టం రెండు నెలలకే హద్దు గీసింది కానీ, దాన్ని నెత్తికెత్తుకోవడం, మానడం రాష్ట్రాల ఇష్టం.

ఇక్కడ తర్కశాస్త్రం చెప్పే చక్రక దోషం వస్తుంది. పాలు పొంగించాలంటే గ్యాసు కావాలి. గ్యాసుకు చిరునామా రుజువు కావాలి. రుజువుకు అద్దె ఒప్పందం, ఒప్పందానికి అడ్వాన్సు, అడ్వాన్సుకు జీతం, జీతానికి నెల నిండటం, నెల నిండే దాకా ఉండటానికి మళ్లీ ఇల్లు. పాత ఊళ్లో సిలిండరు, రెగ్యులేటరు అప్పజెప్పి ట్రాన్స్‌ఫర్ వోచరు తెచ్చుకున్నవాడికి సగం కష్టం తీరుతుంది. చిరునామా రుజువు లేకుండా గుర్తింపు కార్డు మీదే ఇచ్చే అయిదు కిలోల చిన్న సిలిండరు ఈ చక్రాన్ని తెంచుతుంది. దీని సంగతి ఎవరూ ముందు చెప్పరు, పాలు స్టవ్వు మీద పెట్టినప్పుడు పక్కింటావిడ చెబుతుంది.

"చూసినాక". ఇంటిని మగవాడొక్కడే చూస్తే ఏం చూస్తాడు? అద్దె ఎంత, బండి పెట్టుకోవడానికి చోటుందా, కంపెనీ బస్సు ఎక్కడ ఆగుతుంది. ఇంతే చూస్తాడు. కొళాయి ఎన్నింటికి వస్తుంది, బట్టలు ఎక్కడ ఆరేయాలి, మెట్లకు అడ్డం ఉందా, రెండేళ్ల బిడ్డ వీధిలోకి పరుగెత్తితే ఎదురయ్యేది ఏమిటి, జ్వరమొస్తే రాత్రిపూట ఆసుపత్రి ఎంత దూరం అనేవి అతని చూపుకు అందవు. వాటితో పొద్దస్తమానం గడపబోయేది అతను కాదు కాబట్టి అందవు.

"మిమ్మల్ని". ఈ బహువచనంలో చేరేదెవరు? అతని తల్లి కూడా చేరుతుందని పూర్వపక్షం. ఆవునీ తోటనీ వదిలి ఆమె రాదని సిద్ధాంతం. దీనివల్ల కలిగే ఫలితాన్ని మూలం చెప్పదు. కార్వేటినగరంలో బిడ్డను పట్టుకునేందుకు అవ్వ ఉంది, ఎదురింట్లో పిన్నమ్మ ఉంది, అంగన్‌వాడీ ఉంది. కొత్త ఊళ్లో తల్లి ఒక్కతే. కార్వేటినగరంలో డైట్ ఉంది కనుక టీచరు శిక్షణ పూర్తిచేసిన ఆడపిల్లలు ఈ వైపు తక్కువేమీ కాదు. ఆమె ఏ ప్రైవేటు బడిలోనో పాఠాలు చెబుతూ డీఎస్సీకి చదువుకుంటూ ఉంటే, ఆ పనీ ఆ చదువూ ఏమవుతాయన్నదానికి మూలంలో ఒక్క అక్షరం లేదు. ఆలంకారికులు దీన్ని న్యూనపదత్వమంటారు. కావలసిన పదం లోపించడం కావ్యంలో చిన్న దోషమే, కాపురంలో అంత చిన్నది కాదు.

బిడ్డల బడి విషయం. విద్యాహక్కు చట్టం 2009లోని అయిదో సెక్షను ప్రకారం, బదిలీ పత్రం అడిగిన వెంటనే హెడ్మాస్టరు ఇవ్వాలి. అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ఈ చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు. ఎల్‌కేజీ బిడ్డకు మాత్రం డొనేషనే చట్టం. చెన్నైకి పోయినవాళ్లకు ఇంకొక చిక్కుంది. తమిళనాడు 2006లో చేసిన చట్టంతో తమిళం బడిలో తప్పనిసరి పాఠమైంది, ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున పైకి తెచ్చారు. తమిళం మాట్లాడటం కార్వేటినగరం వాళ్లకు కొత్త కాదు. రాయడం వేరు. బిడ్డ హోంవర్కు ముందు తల్లి మళ్లీ అక్షరాలు దిద్దుకోవాలి. ఇల్లు కదలకుండానే ఇలాంటిది అనుభవించినవాళ్లూ ఉన్నారు: ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీలో ఉండిన తిరుత్తణి, 1960 ఏప్రిల్ 1న హద్దుల మార్పుతో మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. వాళ్లకు కనీసం సామాను మోసే పని తప్పింది.

రేషను గురించి ఒక్క ముక్క. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య ప్రయోగంగా మొదలైన పద్ధతి దేశమంతా వచ్చింది కాబట్టి, కార్డు ఇక్కడిదైనా బియ్యం అక్కడ తీసుకోవచ్చు.

"సర్దుకో". ఇది శ్లేష. సామాను కట్టుకో అని ఒక అర్థం, ఓర్చుకో అని రెండోది. చెప్పినవాడు మొదటి అర్థంలో చెప్పానంటాడు. విన్నావిడకు రెండూ చేయవలసి వస్తుంది, అదీ అవే చేతులతో. టాటా ఏస్ వచ్చే రోజు చూస్తే ఇది తెలుస్తుంది. మంచం విప్పి పట్టీలు కట్టాలి. బీరువా తలుపు తాళంతో పాటు తాడు కూడా అడుగుతుంది. రుబ్బురోలు తీసుకుపోవాలా వద్దా అన్న వాదం ప్రతి ఇంట్లో పుడుతుంది. తీసుకుపోయినవాళ్లు అక్కడ మిక్సీ వాడతారు, వదిలేసిపోయినవాళ్లు ఏడాది పాటు దాని మాటెత్తుతారు. ఊరగాయ జాడీ డ్రైవరు పక్కన, ఒళ్లో పెట్టుకునే వస్తుంది. బిడ్డల టీకాల కార్డు ఏ పెట్టె అడుగున పడిందో, మరుసటి టీకా తేదీ నాడే గుర్తుకొస్తుంది. ఇవన్నీ జరుగుతున్నప్పుడు "నేను" అనే కర్తకు షిఫ్టు ఉంటుంది, సెలవు దొరకదు, కొత్త ఉద్యోగం కదా.

నాయికా నిర్ణయం

భర్త పరదేశంలో ఉండగా ఎదురుచూసే నాయికను ప్రోషితభర్తృక అన్నారు, అష్టవిధ నాయికల్లో ఒకతె. వేణుగోపాల ముద్రతో పదాలు కట్టిన సారంగపాణి ఇదే కార్వేటినగరం ఆస్థానంవాడు. నాయికల మనసు తెలిసిన ఊరే ఇది. అయితే లక్షణకారుల ప్రోషితభర్తృకకు విరహం ఒక్కటే పని. ఈమెకు ఇంటి కరెంటు బిల్లు, గ్యాసాఫీసు క్యూ, బదిలీ పత్రం, చంటివాడి జలుబు ఉన్నాయి. విరహానికి తీరిక రాత్రి పదిన్నర తర్వాతనే, అదీ వీడియో కాల్‌లో సిగ్నలుంటే. మేఘదూతంలో యక్షుడు ఉద్యోగంలో ఏమరుపాటుకు ఏడాది పాటు ఇల్లు వదిలి ఉండవలసివచ్చింది. కాళిదాసు అతనికి పిల్లల్ని పెట్టకపోవడం కథకు మేలు చేసింది.

ఇల్లు మారే ఈ బాధకు కొలత కట్టినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో హోమ్స్, రాహీ అనే ఇద్దరు వైద్యులు 1967లో జీవితంలో వచ్చే 43 మార్పులకు మార్కులు వేశారు. భార్యో భర్తో చనిపోవడం 100. ఇల్లు మారడం 20 మాత్రమే. చూడటానికి ఇది చిన్న అంకె. కానీ మూలం మూడు వాక్యాల్లో ఎన్ని దాచిందో కలిపితే వేరుగా తేలుతుంది: వేరే రకం పనికి మారడం 36, భార్య పని మానడం 26, జీవన పరిస్థితులు మారడం 25, బిడ్డల బడి మారడం 20, నిద్ర తప్పడం 16, తిండి మారడం 15. ఇల్లుతో కలిపి 158. అత్తామామల దగ్గర మాట పడటం 29, మొగుడూపెళ్లాల గొడవలు పెరగడం 35 కూడా వేస్తే 222. ఆ పట్టిక లెక్కలో 150 దాటితేనే జబ్బు పడే అవకాశం బాగా పెరిగినట్టు. రుబ్బురోలుకు వాళ్లు మార్కులు వేయలేదు.

పాఠాంతరం

కొన్ని ఇళ్లలో మూలం ఇంకొక విధంగా వినిపిస్తుంది: "మనిద్దరం ఒక తూరి పోయి ఇల్లు చూసొద్దాం. నీ పని అక్కడ దొరుకుతుందేమో కూడా అడుగుదాం. ఆనక నేను చేరతా." ఇది తర్వాతివాళ్లు, బహుశా భార్యే, దిద్దిన ప్రతి అని కొందరు తోసిపుచ్చుతారు. బస్సు ఛార్జీ రెండింతలవుతుందని, బిడ్డను ఒక రోజు అవ్వ దగ్గర వదలాలని ఆక్షేపణ. కట్టిన అడ్వాన్సులో కోత పడి, నీళ్లు రాని ఇల్లు మూడో నెలలో ఖాళీ చేసి, మళ్లీ టాటా ఏస్ మాట్లాడుకునే ఖర్చు పక్కన ఆ ఛార్జీ ఏపాటిది? పైగా మొదటి పాఠంలో లోపించిన పదం ఇందులో ఉంది. కాబట్టి రెండో పాఠమే గ్రాహ్యం.