స్ఫటిక పద్యము – టీకా తాత్పర్య సహితము

తే.గీ.
స్ఫటిక మాడునో లేదొ యన్ శంక గలుగ
దాని కాళ్ళపై మొన మోప దాగు నాట
పదియు రెండవ కాలిలో పరుగు చూడు
మూఁట నొక పాలు మీదుంట ముఖ్య గుణము

అవతారిక: 1981 నాటి ఐబీఎం పీసీ 5150. స్విచ్చి వేయగా ఫ్యాను తిరుగుచున్నది. తెర నల్లన, బీప్ అయినను లేదు. యజమాని చూపు 14.31818 మెగాహెర్ట్‌జ్ క్రిస్టల్ మీద పడినది. ప్రోబు ఎత్తిన చేతిని కవి ఆపుచున్నాడు.

ప్రతిపదార్థము: స్ఫటికము = క్రిస్టల్; ఆడునో లేదొ యన్ = కంపించుచున్నదో లేదో అను; శంక గలుగ = అనుమానము రాగా; దాని కాళ్ళపై = దాని తీగలపై; మొన మోప = స్కోపు ప్రోబు ఆనించినచో; ఆట దాగున్ = కంపనము ఆగిపోవచ్చును; పదియు రెండవ కాలిలో = క్లాక్ పుట్టించు 8284ఎ చిప్పు 12వ పిన్నున; పరుగు చూడు = సిగ్నల్ చూడుము; మూఁటన్ ఒక పాలు = మూడింట ఒక వంతు కాలము; మీదుంట = సిగ్నల్ హైలో ఉండుట; ముఖ్య గుణము = స్పష్టము.

తాత్పర్యము: క్రిస్టల్ కాళ్ళ దగ్గర ఉండవలసిన కెపాసిటెన్సు కొద్దిపాటిది. 10ఎక్స్ ప్రోబు పది పదిహేను పికోఫారడ్‌లు, 1ఎక్స్‌లో పెట్టినచో వంద దాకా అదనముగా తగిలించును. సన్నాయి వాని ముందు చింతకాయ కొరికి, పాట ఏల ఆగినదని అడిగినట్లుండును. 12వ పిన్నున బఫరు దాటిన సిగ్నల్ వచ్చును గనుక అక్కడ చూచుట క్షేమము.

విశేషము: నాలుగవ పాదమున కవి పప్పులో కాలు వేసినాడు. మూడింట ఒక వంతు గుణము 12వ పిన్నుది కాదు. మూడుచే భాగింపబడి 4.77 మెగాహెర్ట్‌జ్‌గా 8088 ప్రాసెసరుకు పోవు 8వ పిన్నుది. "ఎనిమిదవ కాలిలో" అనునది అధ్యాహారము. గణములు కుదరక వదలినట్లున్నాడు గాని, ఆ గుణమును 12లో వెదకినవాడు మంచి చిప్పును పీకి పారవేయును. స్కోపు లేనివారు మల్టీమీటరుతో 8వ పిన్నున ఒకటిన్నర వోల్టు చుట్టుపక్కల కనబడిన చాలునందురు. చచ్చినదో బ్రతికినదో తెలియును, వేగమెంతో తెలియదు.

ఇంతకు 14.31818 అను ఈ చిల్లర అంకె ఏలయనిన, అమెరికా టీవీ రంగు సిగ్నల్ 3.579545కు అది నాలుగు రెట్లు. ఐదు మెగాహెర్ట్‌జ్‌ల 8088ను టీవీ కొరకు 4.77 దగ్గర కట్టివేసిరి. పిసినారితనమే, అయినను నాకు నచ్చిన పిసినారితనము: ఆ క్రిస్టల్‌నే 12చే భాగించి టైమరుకిచ్చిరి, అందుచేతనే డాస్ గడియారము సెకనుకు 18.2 టిక్కులు కొట్టెను.

ఆక్షేపము: ఈ రెండు పిన్నులు సరిగానున్నను యంత్రము లేవనిచో? 11వ పిన్ను చూడవలెను. అక్కడికి పవర్ సప్లై నుండి "పవర్ గుడ్" రానంతవరకు 8284ఎ తన 10వ పిన్నుతో 8088ను రీసెట్‌లోనే కూర్చుండబెట్టును. అట్టి చోట ఈ పద్యము చెల్లదు. పవర్ సప్లై మీద వేరొకటి వ్రాయించుకొనవలెను.