నెత్తి మీద నాట్లు

కొండకు వెంట్రుక కట్టి లాగు, వస్తే కొండ, పోతే వెంట్రుక అన్న పెద్దమనిషికి నెత్తి నిండా జుట్టు ఉండి ఉంటుంది. బట్టతల ఉన్నవాడు అలాంటి సామెత పుట్టించడు. అతని లెక్కలో పోతే కొండే పోవాలి, వెంట్రుక మాత్రం దక్కాలి. పేరులోనే కొండను పెట్టుకున్న వరంగల్ జిల్లా నెక్కొండలో ఈ లెక్క ఎంత గట్టిదో స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడితే తెలుస్తుంది. ఢిల్లీ, చెన్నైల మధ్య తిరిగే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగదు, దుమ్ము లేపుకుంటూ పోతుంది. ఆ గాలికి ఎడమ చెవి మీంచి కుడి చెవి దాకా ఓపికగా వంతెన కట్టిన నాలుగు వెంట్రుకలు లేచి నిలబడతాయి. రైలు పోయాక మనిషి చెయ్యి సంచి ఉందా లేదా అని చూడదు, ముందు నెత్తి మీదికి పోతుంది. అలాంటి చెయ్యి ఉన్నవాడు ఏదో ఒకనాడు హనుమకొండకో హైదరాబాదుకో పోయి జుట్టు నాటించుకోవాలనుకుంటాడు. అనుకున్న వెంటనే పుట్టే ప్రశ్న ఒక్కటే: "నొప్పి లేస్తదా?" ప్రశ్నలో తప్పేమీ లేదు. "అస్సలు లేవదు" అని చెప్పేవాడు దొరికేదాకా ఊళ్లు తిరగడంలో ఉంది తప్పంతా. జుట్టు నాటేటప్పుడు నొప్పి ఉంటుంది. అది చిన్నది, ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో ముందే చెప్పగలిగినది. భయపడాలంటే నొప్పి తెలియకుండా బల్ల మీద పడుకునే ఆ ఆరేడు గంటలకు భయపడాలి.

ముందు పని ఏమిటో తెలియాలి. వరి నాటు ఎరిగిన ఊరికి ఇది చెప్పడం చాలా సులువు. బట్టతల వచ్చినవాడికి కూడా తల వెనక, చెవుల పైన జుట్టు మిగులుతుంది. అది నారుమడి. నడినెత్తి, నొసటి పైభాగం బీడుపడ్డ చెలక. నారుమడిలోంచి ఒక్కో కుదురును వేరుతో సహా తీసి చెలకలో నాటడమే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్. ఆ కుదురును డాక్టర్లు గ్రాఫ్ట్ అంటారు, ఒక్కోదాంట్లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. వెనక తల వెంట్రుక ఎక్కడికి తెచ్చి నాటినా తన గుణం వదలదని న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఓరెంట్రైక్ 1959లో ప్రకటించాడు. అంతకు 20 ఏళ్ల ముందే, 1939లో, జపాన్‌లో షోజీ ఒకుడా ఇలాంటి పని చేసి రాసి పెట్టాడు కానీ, అంతలో యుద్ధం వచ్చింది. లోకమంతా తలలు తెగుతున్నప్పుడు తల మీద జుట్టు గురించి చదివేదెవరు? ఓరెంట్రైక్ కాలంలో ఒక్కో ముక్క నాలుగు మిల్లీమీటర్లు ఉండేది. జుట్టయితే మొలిచేది, అయితే జాతరలో అమ్మే ప్లాస్టిక్ బొమ్మ తల మీద మొలిచినట్టు గుబురు గుబురుగా మొలిచేది. కుదురు తీయడానికి ఇప్పుడు వాడే పంచ్ అనే గొట్టపు కత్తి వెడల్పు ఒక మిల్లీమీటరుకు అటూఇటూ. పని సన్నబడింది, లెక్క మాత్రం పెరిగింది. 2,500 గ్రాఫ్టులు అంటే వెనక 2,500 రంధ్రాలు, ముందు 2,500 గాట్లు. మొత్తం 5,000. ఈ అంకె విన్నాక ఎంత ధైర్యవంతుడైనా ఉన్న జుట్టే చాలనుకుంటూ ఒకసారి నెత్తి తడుముకుంటాడు.

విచిత్రమేమిటంటే ఆ 5,000లో ఒక్కటీ నొప్పి పెట్టదు. నొప్పి పెట్టేది అంతకు ముందు ఇచ్చే మత్తు సూదులు. వెనక తలకు ఒక విడత, నాటే ముందు నొసటి పైభాగానికి ఇంకో విడత. సూది గుచ్చుకోవడం ఒక బాధ, మందు చర్మంలోకి దిగుతుంటే పుట్టే మంట ఇంకో బాధ. ఆ మందు లిగ్నోకైన్. స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో దాన్ని తయారుచేస్తే, అతని సహచరుడు బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ మొదట తన ఒంటి మీదే పొడుచుకుని చూశాడు. ఈ మందుకు తొలి రోగి దాన్ని తయారుచేసినవారిలో ఒకడే. రక్తం తక్కువ కారేందుకు, మత్తు ఎక్కువసేపు నిలిచేందుకు దాంట్లో అడ్రినలిన్ కలుపుతారు. అది చెడిపోకుండా ఉండటానికి మందును ఆమ్ల గుణంతో ఉంచుతారు, మంటకు పెద్ద కారణం అదే. కాస్త సోడియం బైకార్బొనేట్ కలిపితే, మెల్లగా ఎక్కిస్తే మంట తగ్గుతుంది. సూది పక్కన చర్మాన్ని అదరగొట్టే చిన్న యంత్రం పెట్టే డాక్టర్లూ ఉన్నారు. అరుగు తగిలిన మోకాలిని మనం గబగబా రుద్దుకోవడం వెనక ఉన్న సూత్రమే అది. ఆ రుద్దుడుకు 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రీయంగా ఒక సిద్ధాంతం కట్టారు. మంటల సంగతి వచ్చింది కాబట్టి మిరపకాయ దగ్గర ఆగాలి. కారం తగిలినప్పుడు మండేది మన నరాల మీద ఉండే ఒక గ్రాహకం వల్ల. మిరపలోని కాప్సైసిన్ సాయంతో దాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. లిగ్నోకైన్ కూడా మొద్దుబార్చే ముందు అదే గ్రాహకాన్ని తట్టి లేపుతుందని పరిశోధకులు చూశారు. అంటే ఆ సూది మంట, మిరప మంట దూరపు చుట్టాలు. మిరప కోతల కాలంలో వరంగల్ పల్లెల ఆడవాళ్ల చేతులు పొద్దంతా మండుతాయి, ఆ చేత్తోనే అన్నం కలుపుకుంటారు. "నొప్పి లేస్తదా?" అని వాళ్లను అడిగినవాడు లేడు, మత్తు సూది ఇచ్చినవాడూ లేడు. వాళ్ల ముందు కొన్ని నిమిషాల సూది మంటను ఘోరమని వర్ణించడానికి కలం కొంచెం సిగ్గుపడుతుంది.

అందరికీ ఒకే తీరుగా ఉండదు కదా అనేవారున్నారు. నిజమే. సూది చూడగానే కళ్లు తిరిగేవారూ ఉంటారు, మధ్యలో గురక పెట్టేవారూ ఉంటారు. వెనక తల నుంచి చర్మాన్ని పట్టీలా కోసి తీసే పద్ధతిలో కుట్లు పడతాయి కాబట్టి కొన్నాళ్లు బిగుతు, సలుపు ఎక్కువ, పొడుగాటి మచ్చ కూడా మిగులుతుంది. ఒక్కో కుదురునూ విడిగా తీసే పద్ధతిని 2002లో రాస్‌మన్, బెర్న్‌స్టైన్ బృందం వైద్య పత్రికకెక్కించింది. అందులో వెనక తల పుండు త్వరగానే మానుతుంది. ఏ పద్ధతైనా ఆ రాత్రి మామూలు నొప్పి మాత్రలతో గడిచిపోతుంది. గంటల తరబడి బోర్లా పడుకున్నందుకు మెడ పట్టేయడం కొందరికి తల మీది నొప్పి కంటే పెద్ద ఫిర్యాదు. మూడో రోజుకో నాలుగో రోజుకో వాపు నొసటి మీదికి, కళ్ల మీదికి దిగుతుంది. అద్దంలో కనిపించేది పెండ్లికొడుకు ముఖం కాదు, తేనెటీగల తుట్టెను కదిలించినవాడి ముఖం. తర్వాత దురద, గోకకూడదు. కొన్ని వారాల పాటు నెత్తి మొద్దుబారి ఉంటుంది, మన తలే అయినా ఎవరిదో తడిమినట్టుంటుంది.

ఇవన్నీ ఓర్చుకున్నాక అసలు పరీక్ష వస్తుంది, దానికి మాత్ర లేదు. నాటిన వెంట్రుకల్లో చాలా భాగం మొదటి రెండు నెలల్లో రాలిపోతాయి. వేరు లోపలే ఉంటుంది, పైన పోచ పోతుంది. నాటు వేసిన వారానికి మడి పసుపు పచ్చబడటం చూసిన రైతు గాభరా పడడు, పైరు తిప్పుకుంటుందని అతనికి తెలుసు. తల విషయంలో ఆ రైతే గాభరా పడతాడు. కొత్త మొలక కనిపించేది మూడు నాలుగు నెలలకు, నిండుగా కనిపించేది తొమ్మిది నెలల నుంచి ఏడాదికి. అంటే వానాకాలం పంట కోసి, యాసంగి పంట కూడా కోసి, ధాన్యం డబ్బులు చేతికొచ్చినా నెత్తి పంట ఇంకా గట్టు ఎక్కదు. ఈలోగా చాయ్ హోటల్ ఉండనే ఉంది. "ఏందన్నా, గన్ని పైసలు పోసి నాటిచ్చినవ్ గద, మొలకలేవి? ఇత్తనాలు నకిలీవా?" అని ఎవరో ఒకరు అనకపోతే ఆ హోటల్‌కు చాయ్ అమ్ముకునే అర్హత లేనట్టే. నకిలీ పత్తి విత్తనాలతో కాలిన జిల్లాలో ఈ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది. కత్తి పెట్టిన బాధకు గంటల్లో లెక్క. నోరు పెట్టిన బాధ క్యాలెండర్ మారేదాకా ఉంటుంది.

ఇప్పుడు అసలు వాదానికి వస్తాను. నొప్పి ఇంత తక్కువైతే సంతోషించాలి గాని భయం దేనికి అని అడగవచ్చు. మంగలి షాపును తలచుకోండి. కత్తెర కాస్త పక్కకు పోతే "అబ్బా" అంటాం, అతను చెయ్యి సర్దుకుంటాడు. మన నొప్పే అక్కడ తనిఖీ అధికారి. జుట్టు నాటే బల్ల మీద ఆ అధికారికి సూది వేసి పడుకోబెట్టేస్తారు. ఆ తర్వాత పంచ్ ఏ కోణంలో దిగుతోందో, వేరు లోపలే తెగిపోతోందో, నారుమడిలో ఒకే చోట ఎక్కువ పీకి బోడి మచ్చ చేస్తున్నారో, బోర్లా పడుకున్నవాడికి ఏమీ తెలియదు. పీకిన కుదురు వెనక మళ్లీ మొలవదు కాబట్టి తప్పు జరిగితే దిద్దుకోవడానికి నారు కూడా మిగలదు. ఇంకోటి, మత్తుకు హద్దుంది. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్‌ను కిలో బరువుకు 7 మిల్లీగ్రాములకు మించనివ్వరు, 70 కిలోల మనిషికి సుమారు 490 మిల్లీగ్రాములు. అది దాటితే చెవుల్లో రొద, నోటి చుట్టూ తిమ్మిరి, ఆపైన ఫిట్స్, గుండె గతి తప్పడం దాకా పోవచ్చు. "మా దగ్గర చీమ కుట్టినంత కూడా ఉండదు" అని బోర్డు పెట్టినవాడు ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎన్ని సూదులు వేస్తాడో ఆలోచించాల్సింది అందుకే. 2016లో చెన్నైలో సెలూన్ లాంటి కేంద్రంలో జుట్టు నాటించుకున్న ఒక వైద్య విద్యార్థి రెండు రోజులకే చనిపోయాడు. రేపోమాపో డాక్టర్ కావాల్సినవాడికే తెలియలేదు. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ జుట్టు నాటే పనికి శిక్షణ ఎలా ఉండాలో మార్గదర్శకాలు ఇస్తూ, వర్క్‌షాపులో, యూట్యూబులో చూసి నేర్చుకుంటే చాలదని రాసింది. ప్రభుత్వ కాగితం మీద యూట్యూబ్ పేరు ఎక్కిందంటే, ఆ కాగితం రాసినవారికి ఏమేమి కనబడి ఉంటుందో ఊహించుకోండి.

అయితే కత్తీ వద్దు, సూదీ వద్దు, నొప్పి లేని మందు పూసుకుంటే పోలా అనేది మరో అభ్యంతరం. మందులు లేకపోలేదు. రక్తపోటు కోసం పుట్టిన మినాక్సిడిల్ 1988లో నెత్తికి పూసే మందుగా అమెరికా అనుమతి పొందింది, ఫినాస్టరైడ్ మాత్ర 1997లో. ఉన్న జుట్టును నిలబెట్టడంలో ఇవి పనికొస్తాయి, నున్నగా మెరిసే నెత్తి మీద అడవి పెంచలేవు. పెంచుతామనే వారికి మాత్రం ఎప్పుడూ గిరాకీయే. 2025లో హైదరాబాదులో ఎవరో ఢిల్లీ నుంచి వచ్చి గుండు చేసి రసాయనం పూస్తామంటే వందల మంది వరస కట్టారు. కొందరికి జుట్టు రాలేదు, పొక్కులు వచ్చాయి. పుండు మీద కారం చల్లడం విన్నాం, పుండే లేనిచోట డబ్బిచ్చి పుండు తెచ్చుకోవడం అక్కడ చూశాం. అక్కడా ఆకర్షణ ఒక్కటే: కత్తీ లేదు, సూదీ లేదు.

జుట్టు కోసం ఇంత తంటా దేనికి, సోకు కాకపోతే అని కోప్పడే పెద్దలకు ఒక మాట. ప్రభుత్వం మీ పక్షానే ఉంది. 2017లో జీఎస్టీ తెచ్చినప్పుడు వైద్య సేవలకు మినహాయింపు ఇస్తూ, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌ను పేరు పెట్టి మరీ అందులోంచి తీసేసింది. ప్రమాదంలోనో పుట్టుకతోనో వచ్చిన లోపాన్ని సరిచేస్తే తప్ప దాన్ని వైద్యంగా లెక్కించదు. నొప్పి మనది, పన్ను సర్కారుది. దేవుడు మాత్రం మీ పక్షాన లేడు. తిరుమల కథ ప్రకారం శ్రీనివాసుడి తల మీద గాయమై కొంత మేర జుట్టు పోతే, నీలాదేవి తన కురులు కోసి అక్కడ అతికించింది. ఆవిడ పేరుతోనే నీలాద్రి, ఆవిడ పేరుతోనే మన తలనీలాలు అంటారు. నేటి డాక్టరు ఈ కథ విని ఒకరి జుట్టు ఒకరికి అతకదు, శరీరం తోసేస్తుంది అంటాడు. అది ఏడుకొండలవాడికి వర్తించదులెండి. వేములవాడలోనో తిరుపతిలోనో నిమిషాల్లో, నొప్పి లేకుండా, సంతోషంగా జుట్టు ఇచ్చి వచ్చే జాతి మనది. తిరిగి రాదన్న భయం లేనంత కాలమే ఆ దానగుణం. అది తిరిగి రాదని తెలిసిననాడు, పెండ్లిచూపులకు టోపీతో పోలేక ఒక కుర్రాడు డబ్బు కూడబెట్టుకుంటే దాన్ని సోకు అనడం, నెత్తి నిండా జుట్టున్నవాడు కొండకు వెంట్రుక కట్టమని సలహా ఇవ్వడం లాంటిదే.

కాబట్టి నాటించుకునేవారు నాటించుకోండి. పోయినచోట నొప్పి ఉంటుందా అని తప్పకుండా అడగండి. "సూదులప్పుడు మండుతుంది, మూడు రోజులకు వాపు వస్తుంది, రెండు నెలలకు రాలుతుంది" అన్నవాడి దగ్గర కూర్చుని ఇంకో మూడు ప్రశ్నలు వేయండి. పంచ్ పట్టేది ఎవరు, మీరా, మీ టెక్నీషియనా? మీ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? నాకు ఫిట్స్ వస్తే ఈ గదిలో ఏముంది? వీటికి చిరాకు పడినా, నవ్వి తోసేసినా, రేటు తగ్గిస్తామన్నా లేచి వచ్చేయండి. సాయంత్రానికి నెక్కొండ చేరడానికి బండ్లు ఉన్నాయి.